వాయిస్ ఒచ్చిందా?

"అక్కా, జర చెయ్యి ఇటియ్యరాదు" అన్నాడు మేకప్ పిల్లగాడు.

సాధన చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని స్పీకరు డబ్బా మీద పెట్టి, ఏదన్నా పట్టుకోమంటున్నాడేమో అనుకుని కుడిచెయ్యి చాపింది. అతను ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, పక్క కుర్చీలో కూర్చున్న సింధూర చేతికి ఆనించాడు. సింధూరది మంచి పసిమి ఛాయ. ఆ చేతి మీద అప్పటికే రంగు చారలు కొన్ని గీసి ఉన్నాయి, ఒకదానికంటే ఒకటి ముదురుగా. అతను సాధన చెయ్యి చూశాడు, చార చూశాడు, స్పాంజితో ఇంకాస్త రంగు అద్దాడు, కళ్లు చికిలించాడు.

"ఆఁ, గిదే. కరెక్టు గిదే కలర్ రావాలె" అని దర్జీ ఆది జాకెట్టును పక్కన పడేసినట్టు సాధన చెయ్యి వదిలేశాడు.

సాధన చేతికి కూడా ఆ రంగు కొద్దిగా అంటుకుంది. అంటిన సంగతి తనకే కనిపించలేదు, తడిగా తగిలితే తెలిసింది. చీర కొంగుతో తుడుచుకుంది. "సారీ ఆంటీ" అంది సింధూర చిన్నగా, ఎందుకో ఆ పిల్లకే తెలియకుండా.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తులో ఉండే ఆడపిల్లల డిగ్రీ కాలేజీ అది. శనివారం ఎల్బీ నగర్ ఫంక్షన్ హాల్లో మహిళా దినోత్సవం చేస్తున్నారు. హిస్టరీ చెప్పే వేదవతి మేడం ఒక నాటిక రాసింది. అమెరికాలో ఆ రోజుల్లో నల్లజాతి గాయనులు పాడే హోటళ్లలో వాళ్లకు గది ఇచ్చేవారు కాదు, వంటింటి గుమ్మంలోంచి లోపలికి పొమ్మనేవారు, వాళ్ల మనుషులు పాట వినడానికి వస్తే పైన చీకటి మెట్ల మీద కూర్చోబెట్టేవారు. అలాంటి చోట ఒక గాయని "మావాళ్లను కిందికి దింపితేనే పాడతాను" అని మొండికేస్తుంది. అదీ కథ. "ఆవిడ ఫలానా ఆవిడ అని కాదు, చాలామందిని కలిపి ఒకర్తిని చేశాను" అని చెప్పింది వేదవతి మేడం మొదటి రోజే.

గాయనిగా సింధూర నిలబడుతుంది. పాట, మాటలు మాత్రం సాధనవి. సాధన ఫ్లెక్సీ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మైకు పట్టుకుంటే, ముందు సింధూర నోరు కదుపుతుంది. లోకంలో వింతలకు కొదవా! నల్లగా ఉన్న మనిషిని వెనక కూర్చోబెట్టి, తెల్లగా ఉన్న పిల్లకు నల్లరంగు పూసి ముందు నిలబెడుతున్నారు. పైగా ఆ నాటిక దేని మీదా అంటే, నల్లవాళ్లను వెనక కూర్చోబెట్టడం తప్పని.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఈ నాటికకు పాట, సౌండు ఒప్పుకున్న మహిపాల్ ఆర్కెస్ట్రాలో అంతా ఇలాగే. నాగోలు నుంచి హయత్‌నగర్ దాకా ఏ సంగీత్ అయినా, ఏ రిసెప్షన్ అయినా, లెహంగా వేసుకుని పని చెయ్యని మైకు పట్టుకుని ఊగే పిల్ల ఒకతి ముందు ఉంటుంది. ఆమె పేరు ఫేస్. వెనక మిక్సర్ పెట్టుకున్న ఆనంద్ కుమార్ పక్కన కూర్చుని పాడేది సాధన. ఆమె పేరు వాయిస్. మహిపాల్ హాల్లో అడుగు పెడుతూనే "ఫేస్ ఒచ్చిందా? వాయిస్ ఒచ్చిందా?" అని కేకేస్తాడు. కరెంటు వచ్చిందా అని అడిగినట్టే.

పెళ్లిపాటలు ఎవరి ముఖం మీద పడితే ఏంటని సాధన ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. ఈ పాట సంగతి వేరు. మేడం రాసిచ్చిన కాగితంలో "సోదరులెల్ల చీకటిన ఆసీనులై యుండగా" అని ఉంటే, "మేడం, గిది నోట్ల తిరుగుతలేదు" అని సాధన తన మాటల్లోకి మార్చుకుంది. వరస కూడా తనదే. చర్చిలో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకునే తీరులో కట్టుకుంది.

*మెట్లపైన చీకట్ల మావోళ్లు కూసుంటే*
*ఎలుగుల నిలవడి నేనెట్ల పాడుదు?*
*కిందికి దిగనియ్యి, పక్కన కూసోనియ్యి,*
*అప్పుడడుగు పాట, పానమెట్టి పాడుత.*

మొదటిసారి పాడినప్పుడు వేదవతి మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. అదిగో, ఆ రోజే సాధనకు ఆశ పుట్టింది. ఈ ఒక్క పాట తను ముందు నిలబడి పాడాలి. తన నోటితో, తన ముఖంతో.

మేకప్ పిల్లగాడు చెయ్యి కొలత తీసుకున్న ఆ సోమవారం, రిహార్సల్ ఆ తర్వాతే జరిగింది. కోపం ఇంకా తగ్గలేదు సాధనకు. తొందరతొందరగా పాడి ముగించింది. పిల్లలంతా కిందికి దిగాక మేడం దగ్గరికి వెళ్లింది. ఆమె కాగితాలు సర్దుకుంటోంది.

"మేడం, ఒక్క మాట అడుగుత. ఏమనుకోవద్దు."

"చెప్పమ్మా."

"గీ పాట నేను ముంగట నిలవడి పాడుత మేడం."

"ముందా? ఇద్దరు మనుషులు ఒకే పాత్ర వేస్తే చూసేవాళ్లు తికమకపడరూ? మాటలు సింధూర చెప్పి, పాట నువ్వు పాడితే ఎలా కుదురుతుంది?"

"మాటలు గూడ నావేగద మేడం, నోరొక్కటే ఆమెది. మొత్తం నేనే చేస్త. రంగు ఏసే పని గూడ ఉండది."

వేదవతి మేడం చేతిలో కాగితాలు ఆగిపోయాయి. ముఖం జాలితో మెత్తబడింది. దగ్గరికి వచ్చి సాధన భుజం మీద చెయ్యి వేసింది. "అయ్యో, అలా అనుకుంటారేంటమ్మా! నువ్వేమంత నలుపు కాదు. చామనఛాయ. ముఖంలో ఎంత కళ ఉందో తెలుసా? ఎవరన్నా ఏమన్నా అన్నారా నిన్ను?"

సాధనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె తన నలుపు గురించి ఏడవడానికి రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అడ్డం అనిపించుకున్న ఆ నలుపు ఈ ఒక్కరోజు పనికొస్తుంది కదా అని అడగడానికి వచ్చింది. మేడం ఓదారుస్తూనే ఉంది. సింధూర వాళ్ల నాన్నగారే హాలు ఇప్పించారనీ, పిల్ల రోజూ అద్దం ముందు ప్రాక్టీసు చేస్తోందనీ, ఇప్పుడు మారిస్తే బాగుండదనీ చెప్పింది. చివర్న "నీ గొంతు లేకపోతే ఈ నాటికే లేదు సాధనా, అది మాత్రం నిజం" అంది. అది మెచ్చుకోలే. మనసులోంచి వచ్చిందే. అందుకే ఎదురు చెప్పడం ఇంకా కష్టమైంది.

షేరింగ్ ఆటోలో అల్మాస్‌గూడ చేరి, గది తలుపు తీసి, స్విచ్చి వేసింది. ఒక గది, మూలకు గ్యాస్ పొయ్యి. పొద్దున తాగిన టీ గిన్నె ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. కిరాయికి వచ్చిన కొత్తలో ఇద్దరు మనుషుల సామాను ఉండేది. ఇప్పుడు ఒక కంచం, ఒక గ్లాసు.

కుక్కర్ పెట్టి, గోడ మీది అద్దం ముందు నిలబడింది. పాడేటప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో ఇంతవరకు ఆమెకు తెలియదు. చూసిందెవరు చెప్పడానికి? ఆనంద్ కుమార్ ఎప్పుడూ మిక్సర్ మీది మీటలే చూస్తాడు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటారు. అద్దంలో చూసుకుంటూ పాట ఎత్తుకుంది. పైకి వెళ్లినప్పుడు ఎడమ కనుబొమ్మ లేస్తోంది. మెడ నరం ఉబ్బుతోంది. "పానమెట్టి" అన్నచోట కళ్లు వాటంతట అవే పెద్దవవుతున్నాయి. అంత చెడ్డగా ఏం లేదే అనుకుంది. బాగానే ఉందే! చాలా రోజుల తర్వాత సంతోషం అనిపించి, రెండోసారి ఇంకా గట్టిగా ఎత్తుకుంది.

పైనుంచి ఇంటామె కేక వినిపించింది. "సాధనా! జర టీవీ సౌండ్ తగ్గియ్యి, పిల్లలకు పరీక్షలున్నయి!"

ఆ గదిలో టీవీ లేదు. "సరే అక్కా" అంది సాధన.

గురువారం మహిపాల్ కాలేజీ మెట్ల దగ్గరే పట్టుకున్నాడు. సన్నటి మనిషి, చెవిలో ఎప్పుడూ బ్లూటూత్.

"ఏంది సాధనా గీ లొల్లి? మేడం ఫోన్ జేసింది."

"లొల్లి ఏం లేదన్నా. గీ పాట నేను ముంగట నిలవడి పాడుత. లేకుంటె పాడ."

మహిపాల్ నవ్వాడు. ఆమె నవ్వలేదని చూసి మానేశాడు. "గిన్నేండ్లల ఎన్నడన్న అడిగినవా?"

"అడగలే. గిప్పుడు అడుగుతున్న."

"గీయాల కాలేజీల అంటవ్. రేపు పెండ్లిల గూడ ముంగటికొస్త అంటవ్."

"రేపటి సంగతి రేపు చూద్దాం."

"సూడు సాధనా" అని అతను గొంతు తగ్గించాడు. "నీ పాటకు వంక పెట్టెటోడు లేడు. నేను గూడ కాదన. కని పబ్లిక్‌కు చెవులొక్కటే ఉండయి గద, కండ్లు గూడ ఉంటయి."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సాధన కాసేపు మెట్ల గోడ మీద చిరిగిన కోచింగ్ పోస్టర్ వైపు చూసింది. ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు, కింద పేర్లు.

"అయితె గా కండ్లు ఉన్నోళ్లకు ఫేసే పాడుతది తియ్యి" అంది. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది. వెనక నుంచి మహిపాల్ "పరేషాన్ చెయ్యకు సాధనా, శనివారం టైముకు రా" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆగకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. మెట్రో పిల్లర్ల కింద జనం తోసుకుంటూ పోతున్నారు. బండి దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకుంది. అన్నది, చివరికి అనేసింది! ఈ సంగతి ఎవరికన్నా చెప్పుకుంటే బాగుండనిపించింది. ఫోన్ తీసి పేర్లు చూస్తూ పోయింది. నాగోల్ సంగీత్. హయత్‌నగర్ డెకరేషన్. వనస్థలిపురం కేటరింగ్. మహిపాల్ అన్న రెండో నంబర్. ఆ పేర్లలో ఈ మాట వినే మనిషి ఒక్కరూ దొరకలేదు. ఫోన్ సంచిలో పడేసి, బజ్జీలు అక్కడే నిలబడి తినేసింది.

అయినా ధైర్యంగానే ఉంది. తను లేకుండా వాళ్లేం చేస్తారు? సింధూరకు రెండు ముక్కలు పాడటం రాదు. ఇంత తక్కువ టైంలో ఇంకో గొంతు దొరకదు. తప్పకుండా పిలుస్తారు. శుక్రవారమంతా ఆ పిలుపు కోసమే చూసింది. ఉన్నవాటిలో మంచిదైన నీలం చీర ఉతికి ఆరేసింది. ఫోన్ నీళ్ల మోటర్ దగ్గరికి కూడా వెంట తీసుకెళ్లింది.

పొద్దుగూకే వేళకు ఫోన్ మోగింది. ఆనంద్ కుమార్. సరూర్‌నగర్ చర్చిలో కూడా పరిచయమే. ఈ పనిలోకి సాధనను తెచ్చిందే అతను.

"చెల్లె, ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్నన్నా. మేడం ఒప్పుకున్నదా?"

"నువ్వు ఒద్దన్నా ప్రోగ్రాం ఆగదు చెల్లె. సోమవారం నువ్వు పాడింది మొత్తం నా లాప్‌టాప్‌ల ఉన్నది. మాటలు, పాట, అన్ని. నేను ఎప్పటిలెక్కనే రికార్డు పెట్టిన. గదే ఏస్తరట రేపు."

సాధనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూర్చుండిపోయింది. "నేను ఒద్దన్న గదన్నా."

"ఒద్దన్నవ్."

"గా రికార్డు తీసెయ్యరాదే."

"తీసేస్తె నా పని పోతది. నాకు ఇద్దరు పిల్లలు. నీకు తెల్వనిదేమున్నది? నువ్వు రేపటిదాక గిట్లనే ఎదురుచూస్తవని, చెప్దామని ఫోన్ చేసిన."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ నాటికలో పాడనంటే పాట ఆగిపోతుంది. హోటలు ఆసామి దిగివస్తాడు. వేదవతి మేడం అట్లా రాసింది. ఇక్కడ గొంతును మనిషిలోంచి ఎప్పుడో తీసి డబ్బాలో పెట్టుకున్నారు, ఇంక మనిషి ఉంటే ఎంత, పోతే ఎంత! ఏడుపు వచ్చింది. పైన పిల్లలు చదువుకుంటున్నారని దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

శనివారం పోవద్దనే అనుకుంది. మధ్యాహ్నం దాకా గదిలోనే ఉంది. నీలం చీర ఆరి, మడతపెట్టి, కుర్చీ మీద ఉంది. తన పాట ఊరందరికీ వినిపిస్తుంటే తను మాత్రం అల్మాస్‌గూడలో కూర్చుని బియ్యంలో రాళ్లేరాలా? వినే హక్కయినా లేదా? చీర కట్టుకుని బయలుదేరింది.

ఫంక్షన్ హాల్ గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తుపట్టాడు. "వాయిస్ అక్కా, ఎనకకెల్లి పో. మహిపాల్ సార్ అప్పుడే ఒచ్చిండు."

"ఇయాల ముంగటికెల్లి పోత" అంది సాధన.

గుమ్మంలో పట్టుపావడాలు కట్టిన ఆడపిల్లలు పన్నీరు చల్లి గులాబీ ఇచ్చారు. ఈ హాల్లో ఎన్నిసార్లు పాడిందో లెక్కలేదు గానీ, జనం కూర్చునే వైపు నుంచి దీన్ని చూడటం ఇదే మొదలు. ఎంత పెద్ద స్టేజీ! ఎన్ని లైట్లు! నడిమి వరసలో, ఓ పక్కగా కూర్చుంది. పక్క కుర్చీలో నెత్తికి కొంగు కప్పుకున్న పెద్దామె ఒకతి, ఒళ్లో సంచి పెట్టుకుని, మెడ సాచి స్టేజీనే చూస్తోంది.

"నీ బిడ్డ గూడ ఆడుతుందా అమ్మా?" అని అడిగింది పెద్దామె.

"లేదు పెద్దమ్మా. ఉత్తగనే ఒచ్చిన."

"మా మనవరాలు ఉన్నది. మాది బాటసింగారం. దానికోసమే ఒచ్చిన. నా పేరు సుమిత్రమ్మ" అని గర్వంగా చెప్పింది. "మెట్ల మీద కూసునే నల్లోళ్లల్ల ఉన్నదంట. అందరికి రంగు ఏసిండ్రు గని మాదానికి అక్కరలేదన్నరంట. నువ్వు గట్లనే కూసో చాలు అన్నరంట."

సాధన ఆమె ముఖంలోకి చూసింది. అందులో బాధేమీ లేదు, మనవరాలు స్టేజీ ఎక్కిందన్న మురిపెమే ఉంది. సాధన ఏమీ అనలేకపోయింది.

ప్రసంగాలు అయ్యాయి, శాలువాలు అయ్యాయి. తెర లేచింది. పైమెట్ల మీద చీకట్లో పిల్లలు కూర్చున్నారు. సింధూర మెరిసే గౌనుతో ముందుకు వచ్చింది. ముఖం, మెడ, చేతులు, అంతా పూసిన రంగు. వెనక వరసల్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో ఈల వేశారు. పాపం, ఆ పిల్ల కళ్లు బెదిరిపోయి నేలనే చూస్తున్నాయి.

"మావోళ్లను కిందికి దింపితెనే పాడుత" అంది సాధన గొంతు, హాలు నలుమూలల్లోంచి.

సాధన ఒళ్లు జలదరించింది. ఇంత పెద్దగా ఉంటుందా తన గొంతు! సింధూర నోరు కొంచెం ఆలస్యంగా కదిలింది. ఎవరూ గమనించలేదు. హోటలు ఆసామి వేషం కట్టిన పిల్ల తల ఊపింది. మెట్ల మీది పిల్లలు ఒక్కొక్కరే దిగారు. పాట మొదలైంది.

మొదటి చరణానికే సాధనకు అర్థమైంది, అది బాగా లేదు. సోమవారం చేతికి రంగు అంటిన కోపంలో, గబగబా పాడేసింది. "కిందికి దిగనియ్యి" అన్నది అడిగినట్టు ఉండాలి. ఇక్కడ పని తెమిలితే చాలన్నట్టు ఉంది. నా పాట ఇది కాదు, ఇట్లా కాదు అని అరవాలనిపించింది. అరవలేదు. పెదవులు కదిలాయి. చిన్నగా, తనకు తానే దిద్దుకుంటున్నట్టు పాడసాగింది.

సుమిత్రమ్మ మోచేత్తో పొడిచింది. "జర ఊకో అమ్మా. గామె పాడుతుంది, ఇననియ్యి."

సాధన ఊరుకుంది. ఒక్క లైను ఊరుకుంది. రెండో లైను దగ్గర మళ్లీ నోరు ఆగలేదు. స్పీకర్లు ముందుకు ఉరుకుతున్నాయి, ఆమె మాత్రం నింపాదిగా వెనక ఉండిపోయింది. "దిగనియ్యి" అన్నచోట ఆగి, అడిగి, జవాబు కోసం చూసి, మళ్లీ అడిగింది. మెడ నరం ఉబ్బింది.

సుమిత్రమ్మ మళ్లీ కసరబోయి ఆగింది. స్టేజీ వైపు చూసింది. పక్కనున్న నోటి వైపు చూసింది. మళ్లీ స్టేజీ వైపు, మళ్లీ ఇటు. దగ్గరికి వంగి, కొంగు చెవి మీదినుంచి తీసింది.

"గా గొంతు నీదా?"

సాధన పాడుతూనే తల ఊపింది.

"మరి నువ్వు ఈడ కూసున్నవేంది?"

సాధన కళ్లలో నీళ్లు తిరిగాయి. పాట మాత్రం ఆపలేదు.

సుమిత్రమ్మ సంచి కింద పెట్టింది. లేచి, తన కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, కర్రున చప్పుడయ్యేలా ఇటు తిప్పింది. స్టేజీకి వీపు పెట్టి, సాధనకు ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేరుగా ముఖంలోకి చూసింది.

"పెద్దమ్మా, స్టేజీ అటుంది" అన్నారు వెనక వరసలోంచి ఎవరో.

"ఉండనియ్యి" అంది సుమిత్రమ్మ, తల తిప్పకుండానే.

స్పీకర్లలో పాట అయిపోయింది. హాలంతా చప్పట్లు మోగాయి. సింధూర చేతులు జోడించి వంగింది, మహిపాల్ స్టేజీ పక్కనుంచి ఆ పిల్లకు బొటనవేలు ఎత్తి చూపించాడు. సాధనకు ఇంకా ఒక చరణం మిగిలే ఉంది. ఆ చప్పట్లలో తన గొంతు తనకే సరిగా వినిపించక ఆగిపోయింది.

సుమిత్రమ్మ చెవి దగ్గరకు తెచ్చింది.

"ఆపకు బిడ్డా, కానియ్యి" అంది. "నేను ఇంటున్న."

సాధన ఆ ముఖాన్నే చూస్తూ మిగిలిన చరణం అందుకుంది.